పాత లారీకి ఫ్యాక్టరీ రంగు పట్టుకోవడం ఎలా

మన రోడ్ల మీద తిరిగిన పాత లారీల్లో చాలావాటి క్యాబిన్ ఫ్యాక్టరీలో పుట్టలేదు. కంపెనీ నుంచి చాసిస్, ఇంజను, ముందు కౌల్ (ఇంజను వెనక డ్యాష్‌బోర్డును మోసే రేకు గోడ) మాత్రమే వచ్చేవి. చెక్కా రేకూ కలిపి క్యాబిన్ కట్టింది బాడీ బిల్డరు. అలాంటి బండి తలుపు గీకి అడుగు పొర చూస్తే కనబడేది ఆ బిల్డరు వేసిన రంగే. ఫ్యాక్టరీ రంగు కావాలంటే కౌల్, బానెట్, ముందు మడ్‌గార్డులు, డ్యాష్‌బోర్డు రేకు, చాసిస్, చక్రాలు చూడాలి. క్యాబిన్‌ది వేరే లెక్క.

గీకే ముందు బండి ఏ కాలానిదో తేల్చుకోండి. టాటా లారీ ముక్కు మీద మెర్సిడెస్-బెంజ్ గుర్తయిన మూడు కోణాల నక్షత్రం ఉంటే అది డైమ్లర్-బెంజ్ ఒప్పందం నడిచిన 1954-69 నాటి బండి కావచ్చు. కావచ్చు అనడం ఎందుకంటే బ్యాడ్జీలు ఒక బండి నుంచి ఇంకో బండికి మారుతుంటాయి. చాసిస్ నంబరునూ, పాత ఆర్సీ పుస్తకంలో తయారైన సంవత్సరాన్నీ నమ్మండి. ఆర్సీలో రంగు గడి కూడా ఉంటుంది గానీ అందులో బ్లూ, గ్రీన్ లాంటి మాట తప్ప షేడ్ నంబరు ఉండదు. దిగుమతైన బండి అయితే పని కొంత తేలిక. ఇంటర్నేషనల్ లారీలకు లైన్ సెట్టింగ్ టికెట్ అనే కాగితంలో పెయింటు కోడు రాసి ఉంటుంది. చాలా ఫోర్డ్ బండ్లకు ప్లేటు మీదే రంగు అక్షరం కొట్టి ఉంటుంది. ఇక్కడే బిగించిన డాడ్జ్, ఫార్గో, బెడ్‌ఫోర్డ్‌లకు మాత్రం విదేశీ కోడు కార్డు నేరుగా వర్తిస్తుందనుకోవద్దు. వాటికి రేకు చెప్పిందే సాక్ష్యం.

ఎండా ఉప్పుగాలీ తగలని చోట్లలో పాత పూత బతికి ఉంటుంది. విశాఖలో, అందులోనూ పోర్టు, సింధియా వైపు తిరిగిన బండికి బయటి రేకు మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. చాసిస్ నంబరు ప్లేటు వెనక, డ్యాష్‌బోర్డు మీటర్లు విప్పితే వాటి అంచు కింద, వైర్లు దూరే రబ్బరు గ్రోమెట్ల కింద, బానెట్ ఆనే పట్టీ కింద, హారన్ బ్రాకెట్ వెనక, మడ్‌గార్డు కౌల్‌కి బోల్టయ్యే అతుకులో వెతకండి. బ్యాటరీ పెట్టె దగ్గర మాత్రం వద్దు, అక్కడ యాసిడ్ ఆవిరి రంగును మార్చేస్తుంది.

ఇప్పుడు పూతలో కిటికీ తెరవాలి, అంటే పొరలన్నీ కనబడేలా ఒకచోట రుద్దాలి. అయిదు సెంటీమీటర్ల వెడల్పు చోటు ఎంచుకుని 400 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా మధ్యలో గుంటలా రుద్దండి. రేకు కనబడబోతుండగానే 600కి, తర్వాత 1000కి, చివర 2000కి మారండి. పొరలన్నీ చెట్టు బోదెలో వలయాల్లా వరసగా బయటపడతాయి. పొడిగా రుద్దవద్దు. పాత పసుపు, నారింజ రంగుల్లో సీసం క్రోమేట్, పాత ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మాస్కు పెట్టుకోండి, ఆ నీళ్లు గుడ్డతో ఎత్తేయండి, పిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోకండి.

వలయాలు చదవడంలోనే తప్పులు జరుగుతాయి. రేకును ఆనుకుని ఇటుక రంగుంటే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. నిగనిగలాడే నారింజ ఉంటే అది రెడ్ లెడ్ కావచ్చు. దాన్ని చూసి 'బండి నారింజది' అని మురిసిపోయేవాళ్లున్నారు. ప్రైమరును వెంటనే ఆనుకున్న తొలి రంగు పొర మీకు కావలసింది. పైన ఎక్కడో ఎండుటాకు గోధుమరంగు, దాని పక్కన తెల్లంచు కనబడితే అది నేషనల్ పర్మిట్ నిబంధన ప్రకారం యజమాని వేయించింది. అడుగున ఆలివ్ గ్రీన్ వస్తే బండి సైన్యం వేలంలో వచ్చినదై ఉండవచ్చు. అక్కడ చిక్కుంది: కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరి బండికీ ఆ రంగు వేయకూడదు. రోడ్డెక్కే బండికి వేరే రంగు చూసుకోక తప్పదు. ఏ రంగు వేసినా అది ఆర్సీలో ఉన్నదానికి భిన్నమైతే ముందే రవాణా శాఖ ఆఫీసులో మార్పు రాయించండి.

పూత ఏ రకమో తెలియాలంటే దూదిని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచి అర నిమిషం ఆనించండి. రంగు కరిగి దూదికి అంటితే డ్యూకో, అంటే ఎన్‌సీ లాకరు. ముడతపడి మెత్తబడితే సింథటిక్ ఎనామిల్. ఏమీ కాకపోతే ఈమధ్య కొట్టిన టూకే (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే) పెయింటు కావచ్చు, అలా అయితే అది ఒరిజినల్ కాదు.

చాలామంది పెయింటర్లకు కూడా తెలియని సంగతి ఒకటుంది. ఆల్కిడ్ ఎనామిల్, అంటే పైన చెప్పిన సింథటిక్ ఎనామిల్, చీకట్లో ఏళ్ల తరబడి ఉంటే పసుపెక్కుతుంది. ప్లేటు కింద దొరికిన క్రీమ్ రంగు నిజానికి తెలుపై ఉండొచ్చు, ఆకుపచ్చగా తోచింది నీలం కావచ్చు. ఆ ముక్కను కొన్ని రోజులు పగటి వెలుగులో పెడితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. బయటి రేకుది దీనికి తిరగబడ్డ జబ్బు: ఎరుపు వెలిసి గులాబీ అవుతుంది, పైన సుద్దలా పొడి లేస్తుంది. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి ఆ పొడి తీసి అడుగు చూడండి. చీకటి నమూనా, వెలుగు నమూనా రెండూ పక్కపక్కన పెడితే అసలు రంగు ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

నమూనా తీసుకుని షాపుకెళితే రెండు దారులు. రంగును కొలిచే యంత్రం స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలవాలంటే రూపాయి బిళ్లంత మేర చదునుగా, శుభ్రంగా, పాలిష్ చేసి ఉండాలి. మూడు చోట్ల కొలిపించండి, అంకెలు బాగా తేడా వస్తే పైన మురికి మిగిలినట్టే. రెండోది షేడ్ కార్డు. భారతీయ ప్రమాణం ఐఎస్ 5లో రంగులకు నంబర్లున్నాయి: 166 ఫ్రెంచ్ బ్లూ, 356 గోల్డెన్ యెల్లో, 537 సిగ్నల్ రెడ్, 632 డార్క్ అడ్మిరాల్టీ గ్రే. దగ్గరి నంబరు దొరికితే 'కొంచెం ముదురు నీలం' అని నోటితో చెప్పే బాధ తప్పుతుంది. ఇంటర్నెట్ ఫోటో చూపించి రంగు కలపమనడం మాత్రం డబ్బు దండగ.

ఒకేసారి అయిదు లీటర్లు కలిపించకండి. 200 మిల్లీలీటర్లు కలిపించి, బండికి వాడబోయే ప్రైమరు కొట్టిన రేకు ముక్క మీద రెండు కోట్లు స్ప్రే చేయండి. పసుపు, ఎరుపు కింది రంగును సరిగా కప్పవు కాబట్టి ప్రైమరు మారితే షేడూ మారుతుంది. తడి ఎనామిల్ ఆరాక మరోలా కనబడుతుంది, రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు ఎండలో, నీడలో, ట్యూబులైటు కింద పాత నమూనాతో పోల్చండి. ట్యూబులైటు కింద కలిసి ఎండలో విడిపోతే వాడిన పిగ్మెంట్లు వేరు. అప్పుడు టింటర్లు (షేడ్ కోసం కలిపే మూల రంగులు) మార్చి కలపమనాలి, కాస్త నలుపో తెలుపో వేసి సర్దితే పోదు.

కుదిరాక క్యాబిన్ లోపలా బయటా రెండు కోట్లకు సుమారు అయిదు లీటర్లు పడుతుంది. డబ్బాలన్నీ ఒకే బకెట్‌లో పోసి కలపండి, లేకపోతే ఒక తలుపుకీ ఇంకో తలుపుకీ తేడా వస్తుంది. విశాఖ గాలిలో తేమకు ఎన్‌సీ పూత తెల్లగా పొగబారుతుంది. నెమ్మదిగా ఆరనిచ్చే రిటార్డర్ థిన్నర్ వాడండి, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు పొద్దున్నే వదలండి. తుఫాన్లు వెళ్లాక, డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా ఎండెక్కాక కొడితే ఇబ్బంది తక్కువ. టూకే కొట్టేవాళ్లకు దుమ్ము మాస్కు చాలదు, అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. బయటి గాలి అందించే మాస్కు ఉండాలి. దాని మెరుపు కూడా పాత లారీకి అతిగా ఉంటుంది, సింథటిక్ ఎనామిలే నప్పుతుంది.

ఫార్ములా చీటీ, ఆరిన రేకు ముక్క, మిగిలిన పావు లీటరు పెయింటు దాచండి. డబ్బా మీద తేదీ, థిన్నరు శాతం రాయండి. ఆ రేకు ముక్కను మాత్రం చీకటి పెట్టెలో కాకుండా వెలుతురున్న చోట వేలాడదీయండి.