ప్రాథమిక బడికి వచ్చే రూ.5,000 క్రీడా గ్రాంటుతో పిల్లలందరినీ ఆడించడం ఎలా?

ఏ ప్రాథమిక పాఠశాల బీరువా తెరిచినా దాదాపు ఒకటే సామాను. పై అరలో క్యారమ్ బోర్డు, దాని మీద కవరైనా విప్పని వాలీబాల్, పక్కన గాలిపోయిన ఫుట్‌బాల్, నాలుగు చదరంగం డబ్బాలు. బయట పిల్లలు చెప్పులు సరిహద్దుగా పెట్టుకుని కర్రముక్కతో ఆడుకుంటూ ఉంటారు. ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ చుట్టుపక్కల ప్రాథమిక బడులకు వెళ్ళినప్పుడల్లా నాకు కనిపించేది ఇదే. డబ్బు రాలేదా అంటే వచ్చింది. ఖర్చు కాలేదా అంటే పైసాతో సహా అయింది. పిల్లలు మాత్రం ఆడలేదు.

సమగ్ర శిక్ష పథకం 2018లో మొదలైనప్పుడు ఆటలకు విడిగా గ్రాంటు పెట్టారు. ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు రూ.5,000 వరకు, ప్రాథమికోన్నతానికి రూ.10,000 వరకు, ఉన్నత పాఠశాలకు రూ.25,000 వరకు. డబ్బు ఉంది సరే, ఆడించేది ఎవరు? విద్యాహక్కు చట్టం ఆటస్థలం ఉండాలంటుంది, ప్రతి తరగతికీ అవసరమైనన్ని ఆట వస్తువులు ఇవ్వాలంటుంది. వ్యాయామ విద్య బోధకుడి ప్రస్తావన మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గరే వస్తుంది, అది కూడా వంద మందికి పైగా పిల్లలున్న చోట, పార్ట్‌టైమ్ పద్ధతిలో. అంటే ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలను ఆడించాల్సింది తెలుగు, లెక్కలు చెప్పే టీచరే. నేను చెప్పబోయేది ఆ టీచరు కోసం. చీర కట్టుకుని, ఒక్క గంతు కూడా వేయకుండా నడపగలిగే పద్ధతి ఇది.

కాగితాల పని

పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం పెట్టి తీర్మానం రాయించండి. బిల్లు తీసుకోండి, చెల్లింపు బ్యాంకు ద్వారా చేయండి, స్టాకు రిజిస్టరులో ఎక్కించండి, వినియోగ ధ్రువపత్రం పంపండి. ఇవన్నీ మీకు తెలిసినవే. ఒక్క హెచ్చరిక చాలు. డబ్బు చాలాసార్లు విద్యా సంవత్సరం చివర్లో వస్తుంది, మార్చి 31లోగా ఖర్చు చూపించమంటారు. అప్పటికప్పుడు జాబితా రాయడానికి కూర్చుంటే దుకాణంలో ఏది మిగిలితే అదే మీ బడికి వస్తుంది. జాబితా జూన్‌లోనే, బడి తెరిచిన వారంలోనే రాసి పెట్టుకోండి. ఎవరైనా వచ్చి ‘కిట్టు మొత్తం మేమే ఇస్తాం సార్’ అంటే మర్యాదగా పంపేయండి. ఆ కిట్టులో ఉండేది అమ్మేవాడికి లాభం ఉన్న సరుకు.

కొనవలసినవి, కొనకూడనివి

సగం డబ్బు బంతులకే పెట్టాలి. లెక్క సులభం: అయిదుగురు పిల్లలకు ఒక బంతి, దాచుకోవడానికి వాటిలో సగం అదనంగా. అన్నీ మూడో సైజు రబ్బరు బంతులే కొనండి. తోలు బంతి వద్దు, వాలీబాల్ అసలే వద్దు. ఏడేళ్ళ పిల్ల ముంజేతికి వాలీబాల్ ఒకసారి గట్టిగా తగిలితే ఆ ఏడాదంతా ఆ పిల్ల బంతి దగ్గరకు రాదు. కొన్న బంతుల్లో మూడో వంతుకు గాలి కొట్టకుండా బీరువాలో ఉంచండి, సంగతి చివర చెబుతాను.

బంతులతో పాటే పంపు, అరడజను సూదులు కొనండి. సూది గుచ్చే ముందు తడి చేయాలి. పొడి సూది వాల్వును చీల్చేస్తుంది, సగం బంతులు చెడిపోయేది అక్కడే. పిడులున్న స్కిప్పింగ్ తాళ్ళు కొనవద్దు, పిడి ఊడిపోవడానికి వారం చాలు. తాడు కట్టగా కొని ముక్కలు కోసి, రెండు చివరలా ముడి వేయండి. పిల్ల తాడు మధ్యలో నిలబడి చివరలు పైకి లాగితే చంకల దాకా రావాలి, అదే కొలత. పాత గుడ్డలతో అరచేతిలో పట్టేంత సంచులు కుట్టించి చింతపిక్కలు నింపండి, పిల్లకు ఒకటి చొప్పున. వీటికి గ్రాంటు డబ్బు కూడా అక్కర్లేదు. ఒక వల సంచి, ఒక ఈల, సున్నం ఉంటే సరిపోతుంది. ప్లాస్టిక్ శంకువులు దండగ. ఖాళీ సీసాలో ఇసుక పోస్తే అదే పని చేస్తుంది.

ఇక కొనకూడనివి. క్యారమ్ బోర్డు మంచి ఆటే, ఇంట్లో నాన్నతో ఆడుకోవచ్చు. నలుగురు కూర్చుని ఆడేదానికి నలభై మంది పేరున వచ్చిన డబ్బు పెట్టకూడదు. చదరంగమూ అంతే. క్రికెట్ కిట్టు గురించి నేను మాట్లాడటం మొదలుపెడితే వ్యాసం పూర్తి కాదు. ఒకడు విసురుతాడు, ఒకడు కొడతాడు, ఇద్దరు పరిగెత్తుతారు, మిగతావాళ్ళు ఎండలో నిలబడి ఆవలిస్తారు. ఆడపిల్లలు గోడకు ఆనుకుని చూస్తుంటారు. ఖోఖో నాకు ప్రాణం, ఏళ్ళ తరబడి నేర్పాను. అయినా చిన్న తరగతులకు వద్దంటాను. తరిమే జట్టులో తొమ్మిది మంది ఉంటే ఎనిమిది మంది కూర్చునే ఉంటారు. తప్పించుకునే జట్టు నుంచి బరిలో ఉండేది ముగ్గురే. పిల్లలను ఆరో తరగతికి రానివ్వండి, అప్పుడు ఆడిద్దాం. షీల్డులు, మెడళ్ళు కొన్న బిల్లు చూస్తే నాకు తలనొప్పి వస్తుంది.

డబ్బు తక్కువ కాబట్టే ఇలా జరుగుతోందని కొందరంటారు. ఇంగ్లండ్‌లో 2012 లండన్ ఒలింపిక్స్ తరవాత, 2013లో, ప్రాథమిక పాఠశాలల ఆటల కోసమే ప్రత్యేక నిధి మొదలుపెట్టారు. 2017లో దాన్ని రెట్టింపు చేశాక, చిన్న బడులను మినహాయిస్తే, ఒక్కో బడికి ఏడాదికి 16,000 పౌండ్లు, పైగా పిల్లకు 10 పౌండ్ల చొప్పున ఇచ్చారు. అక్కడా బయటి కోచ్‌లను పెట్టుకుని పీరియడ్ వాళ్ళకు వదిలేసే అలవాటు వచ్చింది. కోచ్ వెళ్ళిపోతే బడిలో మిగిలేదేమీ ఉండదు. అందుకే తరగతి టీచర్లకు నైపుణ్యం పెంచే పనులకు ఖర్చు చేయమని నిబంధనల్లో పదే పదే చెప్పారు. ఏ పనికి ఎంత ఖర్చయిందో బడి తన వెబ్‌సైటులో పెట్టాలన్నారు కూడా. మనకు వెబ్‌సైటు అక్కర్లేదు, ఒక కాగితం మీద రాసి గోడకు అతికించండి. కమిటీలో తల్లులు చదువుతారు.

నేల

గాజు పెంకులు, మొనదేలిన రాళ్ళు పిల్లల చేత కాకుండా పెద్దవాళ్ళ చేత ఏరించండి. దాచినవి పోగా ఆడే బంతులు ఎన్ని ఉంటే అన్ని గడులు సున్నంతో గీయండి. ఒక్కో గడి పెద్దవాళ్ళ అంగలతో ఎనిమిది అంగల పొడవు, అంతే వెడల్పు. గడికీ గడికీ మధ్య రెండు అంగల ఖాళీ. స్థలం చాలకపోతే గడి చిన్నది చేయండి, గడుల సంఖ్య తగ్గించవద్దు.

అసలు చిక్కు: బంతి చేతికిచ్చే క్షణం, తిరిగి తీసుకునే క్షణం

ఇక్కడ తొందరపడకండి. గ్రాంటు మొత్తం నిలిచేదీ మునిగేదీ ఈ దశలోనే.

మామూలుగా జరిగేది చెబుతాను. టీచరు సంచి తెచ్చి మూతి విప్పుతారు. పిల్లలందరూ ఒక్కసారిగా మీద పడతారు. అయిదో తరగతి పెద్దపిల్లలు రెండేసి బంతులు చంకన పెట్టుకుంటారు. ఒకటో తరగతి పిల్లవాడు కింద పడి మోకాలు చీరుకుంటాడు. ఈల ఎంత ఊదినా ఎవరికీ పట్టదు. గంట కొట్టేసరికి పిల్లలు అన్నానికి పరిగెత్తుతారు, ఒక బంతి ముళ్ళకంపలో ఉండిపోతుంది. సాయంత్రం ఎవరి అమ్మో వచ్చి నిలదీస్తుంది. హెడ్మాస్టరు సంచిని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ తాళం మళ్ళీ తెరుచుకునేది తనిఖీ రోజే.

దీనికి మందు ఒకటే. మొదటి వారం బంతులు బయటికి తీయకూడదు. పిల్లలు అడుగుతారు, సణుగుతారు, అయినా సరే.

మొదటి రెండు రోజులు జట్లు, ఈల, కూర్చోవడం, అంతే. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను కలిపి అయిదుగురేసి జట్లు చేయండి. జట్లు మీరే వేయాలి. పిల్లలను ఎంచుకోమంటే చివరికి మిగిలిపోయే పిల్ల ఎప్పుడూ ఒకరే ఉంటారు, ఆ పిల్ల మొహం చూసినవాళ్ళెవరూ మళ్ళీ అలా చేయరు. ప్రతి జట్టులో ఆడపిల్లలు ఉండాలి, కనీసం ఇద్దరు. నెల పాటు జట్టు మారదు, గడి మారదు. ఒకటి, రెండు తరగతులకు విడిగా రెండు గడులు, వాళ్ళకు నెల వరకు చింతపిక్కల సంచులే.

ఈల ఒక్కసారి మోగితే ఎక్కడివాళ్ళు అక్కడ నేల మీద కూర్చోవాలి. నిలబడటం కాదు, కూర్చోవడం. బంతి చేతిలో ఉండి నిలబడిన పిల్లవాడు ఇంకొక్కసారి విసరకుండా ఉండలేడు. ఉత్త చేతులతోనే పరిగెత్తించి, ఈల ఊది, కూర్చోబెట్టండి. మీరు అయిదు లెక్కపెట్టేలోగా అందరూ నేల మీద ఉండాలి. ఉండకపోతే మళ్ళీ మొదటి నుంచి. పిల్లలకు ఇదే ఆటలా ఉంటుంది, కిలకిలా నవ్వుతారు, నవ్వనివ్వండి. ఈలను ఇంక దేనికీ వాడవద్దు. పిలవడానికీ తిట్టడానికీ లేనిపోని హడావిడికీ ఈల ఊదే టీచరు ఈలకు పిల్లల చెవులు నాలుగు రోజుల్లో మూసుకుపోతాయి.

మూడో రోజు నుంచి చింతపిక్కల సంచులు. అవి దొర్లవు, పారిపోవు, తగిలినా నొప్పి ఉండదు. సంచి చేతిలో ఉన్నా ఈలకు కూర్చుంటున్నారంటే వారం తరవాత బంతి ఇవ్వవచ్చు.

బంతి ఇచ్చే పద్ధతి మార్చకుండా పాటించండి. జట్లన్నీ గడుల్లో కూర్చుని ఉంటాయి. వల సంచి మూతి మీ చేతిలోనే ఉండాలి. పూర్తిగా కూర్చున్న గడి నంబరు పిలవండి. ఆ వారం బంతి బాధ్యత ఉన్న పిల్ల ఒక్కతే నడిచి వచ్చి, బంతి తీసుకుని, వెళ్ళి గడి మధ్యలో పెట్టి కూర్చోవాలి. మీరు బంతిని విసరవద్దు. ఒక్కసారి విసిరితే ఆ రోజుతో క్రమం పోయింది. బంతులన్నీ చేరాకే ఆట మొదలు. ఈ పని మొదట్లో చాలా నెమ్మదిగా సాగుతుంది, పీరియడ్‌లో సగం దీనికే పోయినట్టుంటుంది. నెల తిరిగేసరికి మీ ప్రమేయం లేకుండానే జరుగుతుంది.

మొదటి ఆట కావాలనే చప్పగా ఉండాలి. కూర్చునే బంతిని ఒకరికొకరు దొర్లించడం. మర్నాడు నిలబడి నేలకు ఒకసారి కొట్టి అందించడం. ఆ తరవాత జట్టంతా కలిసి పది పట్లు కింద పడకుండా పట్టగలరా అన్న పందెం. పక్క గడితో పోటీ పెట్టవద్దు, పోటీ పెట్టగానే బంతి సరిగా పట్టలేని పిల్లకు బంతి రావడం ఆగిపోతుంది. ఆ తరవాత ప్రతి గడిలో ఏడు పెంకులాట పెట్టుకోవచ్చు, కుంటుడు ఆట పెట్టుకోవచ్చు. ‘అవుట్’ అయినవాళ్ళు బయట కూర్చోవాలన్న షరతు మాత్రం తీసేయండి. ముందుగా అవుట్ అయ్యే పిల్లే అందరికంటే ఎక్కువ ఆడాల్సిన పిల్ల. మీరు చేసి చూపించాల్సిన పని కూడా లేదు. ఒక మోస్తరుగా ఆడే పిల్లను పిలిచి చేయించండి. అందరికంటే బాగా ఆడేవాడిని పిలిస్తే మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి ఊరుకుంటారు.

గడిలో కొట్లాట వస్తే పిల్లవాడిని బయటికి పంపకండి, ఆ గడి బంతిని రెండు నిమిషాలు మీ దగ్గర పెట్టుకోండి. వాళ్ళలో వాళ్ళే సర్దుకుంటారు. ఏ రోజైనా అదుపు తప్పితే మర్నాడు చింతపిక్కల సంచులకు వెనక్కి వెళ్ళండి, పీరియడ్ మాత్రం ఎత్తేయకండి. లెక్కలు చేయలేదని ఆటల పీరియడ్ తీసేసే టీచర్లను చూశాను. వాళ్ళతో నేను వాదించడం మానేశాను.

తిరిగి తీసుకోవడం గంటకు అయిదు నిమిషాల ముందే మొదలవ్వాలి. గంట మోగాక ఏ పిల్లా మీ మాట వినదు. ఇచ్చిన వరుసలోనే గడి గడినీ పిలిచి, పిల్లలందరి చేత పైకి లెక్కపెట్టిస్తూ సంచిలో వేయించండి. లెక్క తగ్గితే అందరూ కలిసి వెతకాలి. ఎవరు పోగొట్టారని అడగకండి.

పీరియడ్ మధ్యాహ్న భోజనానికి ముందు పెట్టుకోండి, తిన్న వెంటనే వద్దు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మొదటి పీరియడే మేలు. అయిదేళ్ళు దాటిన పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్క పీరియడ్‌తో అది పూర్తికాదు. అందుకే రెండో నెల నుంచి విరామ సమయంలో కూడా సంచి పిల్లలకే అప్పగించండి. లెక్కపెట్టడం వాళ్ళకు అప్పటికే వచ్చి ఉంటుంది.

స్టాకు రిజిస్టరు భయం

బీరువా తాళానికి అసలు కారణం చాలా బడుల్లో ఇదే. బంతి పోతే, చిరిగితే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలన్న బెంగ. బంతులు, తాళ్ళు, సూదులను శాశ్వత వస్తువుల పేజీలో రాయకండి. సుద్దముక్కల్లాగే అవి వాడితే అరిగిపోయే సరుకు, ఆ పేజీలోనే రాయండి. ప్రతి మూడు నెలలకు కమిటీ సమావేశంలో చిరిగినవాటిని చూపించి, ఎన్ని పనికిరాకుండా పోయాయో తీర్మానం రాసి సంతకాలు చేయించండి. పంపును మాత్రం శాశ్వత వస్తువుగానే రాసుకోండి, అది ఏళ్ళ తరబడి వస్తుంది. తీర్మానం అయిన రోజునే గాలి కొట్టకుండా దాచిన బంతుల్లోంచి, పోయినవి ఎన్నో అన్నే తీసి, సూది తడిపి గాలి కొట్టి సంచిలో వేయండి. కొత్త గ్రాంటు ఎప్పుడు వచ్చినా గడికి ఒక బంతి తగ్గకూడదు.