డేగ కావాలంటే ముందు గురువును వెతుక్కోవాల: అప్రెంటిస్ ఫాల్కనర్ లైసెన్సు సంగతి

మొన్న ఎండాకాలంలో మా చిన్నాయన కొడుకు గుత్తి దగ్గర తోటలో వేపచెట్టు గూట్లోంచి జాలెడేగ పిల్లను దించుకొచ్చినాడు, షిక్రా అంటారే అది. కాలికి నులక తాడు కట్టి చేతి మీద పెట్టుకోని "అన్నా, నువ్వు అమెరికాలో డేగను పెంచినావు కదా, దీనికి లైసెన్సు ఎట్లా తీసుకోవాల" అని అడిగినాడు. వాడికి పక్షి మీద నిజంగానే ప్రేమ. కానీ అది నోరు తెరుచుకోని రొప్పుతా ఉంటే చూడలేకపోయినా. ఆ సాయంత్రమే ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేసి అప్పజెప్పినాం.

మన దేశంలో సరదాకి డేగను పెంచుకోను లైసెన్సు ఇవ్వరప్పా. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో పట్టుకోవడం, వల వేయడం, గూట్లో గుడ్లు తీయడం అన్నీ వేట కిందికే వస్తాయి, జైలు కేసు అవుతుంది. సాళువం అంటే వేటడేగ, సాళువ నరసింహరాయల పేరులో ఉండేది ఆ పక్షే, కానీ ఆ కాలం పోయింది.

మన అనంతపురం, కడప పిల్లలు అమెరికాకి చానామంది పోతాండారు, వాళ్లకోసం అక్కడి దారి చెప్తా. డేగతో వేటాడేవాళ్లను అక్కడ ఫాల్కనర్ అంటారు, కొత్తగా నేర్చుకునేవాడు అప్రెంటిస్, దాని పై స్థాయి జనరల్. 2014 నుంచి లైసెన్సు ఇచ్చేది మీరుండే రాష్ట్రం వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంటే, కనీస నియమాలు మాత్రం ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం వాళ్లవి. ఒక్క హవాయిలో మాత్రం అనుమతి లేదు. కనీస వయసు 12, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ.

అన్నిటికంటే కష్టం స్పాన్సర్ దొరకడం. జనరల్ స్థాయిలో కనీసం 2 ఏళ్ల అనుభవం ఉండేవాళ్లు ఎవరో ఒకరు మీకు నేర్పిస్తానని కాగితం మీద రాసియ్యాల, చానా రాష్ట్రాల్లో ఒకరు ఒకేసారి ముగ్గురికి మించి తీసుకోకూడదు. నాకు దొరికేసరికి ఏడు నెలలు పట్టింది. మీరు పోయి పక్షి యాడ దొరుకుతుంది అని అడిగితే ఎవరూ పలకరు, "సార్, మీరు వేటకు పోయేటప్పుడు పొదలు తట్టి కుందేళ్లు లేపడానికి నేనొస్తా" అని అడగండి. ఆ మాటకు చలిలో తెల్లారి ఆరింటికి రమ్మంటారు, పోవాల, ఒక సీజన్ అంతా పోవాల. మన దగ్గర మేస్త్రీ కింద పని నేర్చుకునేవాడు మొదట ఇసుక జల్లించినట్టే. రాష్ట్రాల వారీ క్లబ్బులుంటాయి, 1961లో పెట్టిన నార్త్ అమెరికన్ ఫాల్కనర్స్ అసోసియేషన్ కూడా ఉంది, అక్కడ మొదలుపెట్టండి.

పరీక్షలో కనీసం 40 ప్రశ్నలు, 80 శాతం రావాల. జబ్బులు, చట్టం, తిండి మీద అడుగుతారు, చదివితే వస్తుంది. వేట లైసెన్సు వేరే తీసుకోవాల. తర్వాత పక్షికి గది కట్టాల, ఎండ పడే కిటికీ, కూర్చునే దండె, నీళ్ల తొట్టి, కాళ్లకు తోలు పట్టీలు, తాడు, కాటా అన్నీ చూసినాకే పర్మిట్ ఇస్తారు. కాటా 15 గ్రాముల తేడా అన్నా చూపించాల. మా గదిలో కమ్మీల మధ్య సందు ఎక్కువుందని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన వెనక్కి పంపినాడు, ఆయన చెప్పింది సరైందే, రెక్క ఇరుక్కుంటే విరిగిపోతుంది.

అప్రెంటిస్‌కి ఒక్కటే పక్షి. ఎక్కువమంది ఎర్రతోక డేగనో కెస్ట్రెల్ అనే చిన్న డేగనో పట్టుకుంటారు, ఏడాది లోపుదే అయ్యుండాల, గూట్లో పిల్లను మాత్రం తీయకూడదు. పట్టేది ఇనప జాలీ బుట్టతో, పైన నైలాన్ ఉచ్చులు, లోపల ఎలుక. దాని పేరు బాల్‌ఛత్రి, మన దేశం నుంచి అక్కడికి పోయిన విద్య అది!

అసలు పని అప్పుడు మొదలు. మొదటి రాత్రి చేతి మీద పెట్టుకోని చీకటి గదిలో కూర్చుంటే అది నన్నే చూస్తా ఉంది, మాంసం ముక్క దాని కాళ్ల దగ్గరే ఉంది, తల దించితే నేనేమి చేస్తానో అని భయం దానికి. దాదాపు మూడు గంటలకు ఒక్క ముక్క పీకింది. చెయ్యి మొద్దుబారిపోయినా కదల్లేదు నేను.

ఆ రోజు నుంచి తూకమే అంతా. రోజూ ఒకే టైముకు తూచి రాసుకోవాల. ఎక్కువ తింటే పిలిచినా రాదు, తక్కువైతే నీరసించి చనిపోతుంది. సంతలో నాటుకోడిని కొనేటప్పుడు రొమ్ము ఎముక తడిమి చూస్తాం కదా, అట్లే డేగకూ రోజూ తడమాల, ఎముక కత్తిలాగా తగిలితే వేట మానేసి కడుపు నిండా పెట్టండి. పొద్దున గదిలో అరగని బొచ్చు, ఈకల ఉండ కక్కిందా చూడండి, రెట్ట ఆకుపచ్చగా ఉంటే వెంటనే స్పాన్సర్‌కి ఫోన్ చేయండి. పొడవు తాడు కట్టి పిలిస్తే వచ్చేదాకా నేర్పించి, అది వెనకాడకుండా వచ్చినాకే తాడు విప్పాల.

ఇట్లా 2 ఏళ్లు, ఏడాదికి కనీసం 4 నెలలు పక్షితో వేట చేస్తే, 16 నిండినాక స్పాన్సర్ రాసిచ్చే ఉత్తరంతో జనరల్ స్థాయికి పోవచ్చు. అడవిలో ఈ డేగ పిల్లలు సగానికి పైగా మొదటి ఏడాదే చనిపోతాయి, అందుకే చలికాలం దాటించి బాగా మేపి వదిలేసేవాళ్లు ఎక్కువ. నేనూ మార్చిలో పట్టీలు కోసి వదిలిపెట్టినా, చెట్టు మీద కాసేపు కూర్చోని పోయింది.

ఇంకా వీసా రానోళ్లు, ఊర్లోనే ఉండేటోళ్లు చలికాలంలో నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానానికి పోండి. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చిన పిల్లిగద్దలు, హారియర్ అంటారే అవి, సాయంత్రం గడ్డిలోకి దిగుతాయి, బైనాక్యులర్ తీసుకోని చీకటి పడకముందే చేరుకోండి.