నెలలు నిండని బిడ్డకు మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం: ఇంట్లో చేయవలసినవి

ముందు బిడ్డ వయసు సరిగా లెక్కవేసుకోవాలి. నిండు గర్భం అంటే 40 వారాలు. 30వ వారంలో పుట్టిన బిడ్డ 10 వారాలు ముందు వచ్చినట్టు. ఆ బిడ్డకు ఇప్పుడు 5 నెలలు, అంటే సుమారు 22 వారాలు అనుకుంటే, అందులోంచి 10 తీసేస్తే మిగిలేది 12. కాబట్టి ఆటపాటల్లో ఇంకా మూడు నెలలైనా నిండని పసికందుతోనే పోల్చాలి. దీన్నే సవరించిన వయసు అంటారు. రెండేళ్లు వచ్చేదాకా ఎదుగుదలకు ఈ లెక్కే పాటించాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీ నుంచే లెక్క, అక్కడ వారాలు తీసేయకూడదు. ఈ కింద చెప్పే నెలలన్నీ సవరించిన వయసువే.

చివరి నెలల్లో కడుపులో చోటు చాలక బిడ్డ ముడుచుకుని ఉంటుంది. అలా ముడుచుకోవడమే పుట్టాక చేతులు నోటి దగ్గరికి తెచ్చుకోవడానికి, మెడ ముందుకు వంచడానికి పునాది. ముందే పుట్టిన బిడ్డకు ఆ వారాలు దక్కవు. కండరాల్లో బిగువు తక్కువ, పైగా వెల్లకిలా పడుకునే రోజులు ఎక్కువ. అందుకే కాళ్లు కప్పలా రెండు పక్కలకు పడిపోతాయి, భుజాలు వెనక్కి లాగుతాయి, తల వెనక్కి విరుస్తుంది. ఇంట్లో చేసే పని అంతా ఈ ఒక్క దాన్ని సరిచేయడమే: బిడ్డను ముడిచి ఉంచడం, రెండు చేతులూ ఛాతీ మధ్యకు తీసుకురావడం.

ఎత్తుకునేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి నేరుగా పైకి లాగకండి. ఒక పక్కకు ఒత్తిగిల్లించి, ఒక అరచెయ్యి తల, భుజాల కింద, ఇంకోటి పిరుదుల కింద పెట్టి నెమ్మదిగా లేపాలి. ఒళ్లో ఉన్నప్పుడు మోకాళ్లు పొట్ట వైపు వంగి, చేతులు రెండూ ముందుకు ఉండాలి. బొమ్మను 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, మొహానికి ఎదురుగా, మధ్యలో పట్టుకోండి. తల వెనక నుంచి పిలిస్తే బిడ్డ మెడ విరిచి చూస్తుంది, మనం మాన్పించాలనుకునేది అదే. పాలు పట్టే వైపు, వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు తల తిప్పి ఉంచే వైపు రోజూ మారుస్తుండాలి. లేకపోతే తల ఒక పక్క చదునవుతుంది, మెడ కూడా ఒకవైపే తిరగడం అలవాటవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడం. డాక్టరు సరేనన్నాక, పాలు తాగిన అరగంట నుంచి ముప్పావుగంట తర్వాత మొదలుపెట్టండి. మొదట్లో నేల మీద కాదు: మీరు వెనక్కి వాలి కూర్చుని, బిడ్డను ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకోండి. ఒకసారికి రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు చాలు. కాస్త తల ఎత్తడం వచ్చాక గట్టి చాప మీదికి మార్చి, మెత్తని తువ్వాలును మూడు వేళ్ల ఎత్తున చుట్టి ఛాతీ కింద, చంకలకు ఆనేలా పెట్టండి. మోచేతులు భుజాలకు సరిగ్గా కిందగానీ, కాస్త ముందుగానీ ఉండాలి. మోచేతులు వెనక్కి ఉంటే బిడ్డ ఎంత ప్రయత్నించినా తల లేవదు, మొహం చాపకు తగిలి ఏడుస్తుంది. చాలామంది "మా వాడికి బోర్లా పడితే నచ్చదు" అని మానేసేది ఇక్కడే. పిరుదులు పైకి లేచిపోతుంటే వాటి మీద అరచెయ్యి తేలిగ్గా ఆనించండి, బరువు కిందికి దిగి తల లేస్తుంది. కొద్ది కొద్దిగా పెంచుతూ రోజు మొత్తం మీద అరగంటకు చేర్చాలి.

వరుసగా ఎక్కిళ్లు, ఆవలింతలు, తుమ్ములు, వేళ్లు విప్పార్చి బిగించడం, చూపు తిప్పేసుకోవడం అన్నీ "ఇక చాలు" అని చెప్పడమే. వెంటనే ఆపి గుండెలకు హత్తుకోండి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే, గట్టి పరుపు మీద. బోర్లా పడుకోబెట్టి పక్కకు వెళ్లిపోకూడదు. చీర ఉయ్యాల్లో గంటల తరబడి ఉంచడమూ వద్దు. అందులో వీపు గుండ్రంగా వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరికి ఇబ్బంది.

నూనె మర్దన మంచిదే, చెయ్యి తేలిగ్గా ఉంటే. కాళ్లూ చేతులూ గుంజడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, ముక్కులో చెవుల్లో నూనె పొయ్యడం, స్నానమయ్యాక సాంబ్రాణి పొగ పట్టడం మానండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటే డాక్టరు మీద నెపం పెట్టండి.

ఇంకో చిక్కు, నిలబెట్టడం. మూడు నాలుగు నెలలకే బిడ్డ ముని వేళ్ల మీద కర్రలా బిగుసుకుని నిలబడితే "కాళ్లు ఎంత గట్టిగా ఊనుతున్నాడో!" అని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. అది బలం కాకపోవచ్చు, కండరాల అతి బిగువు కావచ్చు. మళ్లీ మళ్లీ నిలబెడితే ఆ బిగువే అలవాటవుతుంది. వాకర్ సంగతీ అంతే. పైగా మెట్లమీంచి పడే ప్రమాదం ఉంది. కెనడాలో 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించారు. నేల మీద చాప పరిస్తే చాలు.

ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించవలసినవి ఇవి: నాలుగు నెలలకు మెడ నిలవకపోవడం, బొటనవేలు లోపల పెట్టి గుప్పిళ్లు ఎప్పుడూ మూసే ఉండటం, లంగోటీ మార్చేటప్పుడు కాళ్లు కత్తెరలా బిగుసుకోవడం, 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదిలోపే ఒకే చెయ్యి వాడటం, 18 నెలలకు నడవకపోవడం. వచ్చిన పని పోయినా సరే చూపించాల్సిందే. కొందరు దోగాడకుండానే నడుస్తారు, మిగతావన్నీ బాగుంటే దానికి కంగారు అక్కర్లేదు.

కళ్లను మరిచిపోవద్దు. కనిపించని బొమ్మ కోసం ఏ బిడ్డా తల ఎత్తదు. 34 వారాలలోపు గానీ, 2 కిలోలలోపు బరువుతో గానీ పుట్టినవాళ్లకు పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష జరగాలి. 28 వారాలలోపు లేదా 1,200 గ్రాములలోపు అయితే పుట్టిన రెండు మూడు వారాలకే చేయించాలి.

అనుమానం వస్తే పిల్లల డాక్టరు దగ్గరికి, లేదా జిల్లా స్థాయిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదలలో తేడాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి వెళ్లండి. మూడు నెలలు నిండేటప్పుడు ఒక వీడియో తీసి పెట్టుకుంటే చాలా పనికొస్తుంది. పాలు తాగి, హాయిగా మెలకువగా ఉన్నప్పుడు, చేతులూ కాళ్లూ కనిపించేలా పల్చటి బట్టలతో వెల్లకిలా పడుకోబెట్టి, బొమ్మలు చూపించకుండా, పలకరించకుండా పైనుంచి మూడు నుంచి ఐదు నిమిషాలు తీయాలి. మెడ, భుజాలు, మణికట్లు, తుంటి దగ్గర ఆగకుండా సాగే చిన్న చిన్న కదలికలు ఆ వయసులో కనిపించాలి. అవి ఉన్నాయో లేవో తేల్చగలిగేది ఈ కదలికలను గుర్తించడంలో శిక్షణ పొందినవాళ్లే. డిశ్చార్జి కాగితాలు, తల స్కాను రిపోర్టు, ఈ వీడియో మూడూ కలిపి తీసుకెళ్లండి.