టైప్‌రైటర్ ఫాంట్ నిజమనిపించాలంటే

ఇంగ్లిష్ టైప్‌రైటర్‌లో సన్నటి ‘ఐ’కీ బొద్దుగా ఉండే ‘ఎమ్‌’కీ ఒకే చోటు. ఏ మీట నొక్కినా కాగితాన్ని పట్టుకుని కదిలే క్యారేజ్ అంతే దూరం జరుగుతుంది. ఆ లెక్క తప్పితే కంప్యూటర్‌లో ఎన్ని మరకలు వేసినా పాతదనం రాదు. కొరియర్‌ ఫాంట్ తీసుకోండి. 12 పాయింట్లలో అంగుళానికి 10 అక్షరాలు, టైప్‌రైటర్లలో అదే పైకా కొలత. ఎలైట్ కొలత, అంటే 12 అక్షరాలు కావాలంటే 10 పాయింట్లు. లైన్ స్పేసింగ్ కచ్చితంగా 12 పాయింట్లు పెడితే అంగుళానికి 6 వరుసలు వస్తాయి.

రెండు అంచులూ సమం చేసే జస్టిఫై వాడకండి, మాటల మధ్య ఖాళీలు సాగిపోయి గుట్టు బయటపడుతుంది. బోల్డ్, ఇటాలిక్ వద్దు; ముఖ్యమైన మాట కింద గీత చాలు. డ్యాష్‌కి బదులు రెండు హైఫన్లు.

స్పెషల్ ఎలైట్‌లాంటి మరకల ఫాంట్ శుభలేఖకీ పుస్తకం అట్టకీ చక్కగా నప్పుతుంది. పేజీ నిండా వాడితే మాత్రం కళ్లు లాగుతాయి. ప్రతి ‘ఈ’లోనూ ఒకే మచ్చ ఉండటం తప్పేం కాదు, అచ్చు అరిగిన మెషిన్ అలాగే కొడుతుంది. మారేది వేలి బరువు. అందుకే వరుసకి ఒకటి రెండు అక్షరాల రంగు పలచన చేయండి. షిఫ్ట్ సరిగా నొక్కకపోతే పెద్దక్షరం లైను తప్పుతుంది కదా, అలా ఒకదాన్ని అర పాయింటు జరపండి.

కొరియర్, స్పెషల్ ఎలైట్ రెండింటిలోనూ తెలుగు అక్షరాలుండవు; టైప్ చేస్తే సిస్టమ్ వేరే ఫాంట్ తెచ్చి అతికిస్తుంది. తెలుగు పంక్తిని విడిగా ఉంచి, వత్తులు కింది వరుసకి తగలకుండా 18 పాయింట్ల స్పేసింగ్ ఇవ్వండి.