ఐపీఎస్ అని రాసి ఉంటే సరిపోదు: ల్యాప్‌టాప్ తెరను పరీక్షించే పద్ధతి

ఐపీఎస్ అనేది ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం. అదుంటే రంగులు బాగుంటాయని చాలామంది నమ్ముతారు. నిజానికి పక్కనుంచి చూసినా బొమ్మ పెద్దగా మారదన్నదే దాని గొప్ప. టీఎన్ అనే మరో రకం తెరనైతే కాస్త కిందినుంచి చూడండి, ముఖాలు నల్లబడి నెగెటివ్‌లా కనిపిస్తాయి. ఎన్ని రంగులు చూపగలదన్నది వేరే లెక్క.

స్పెసిఫికేషన్లలో ముందు వెతకాల్సింది ‘45% ఎన్‌టీఎస్‌సీ’ అన్న మాట. ఎన్‌టీఎస్‌సీ పాత టీవీల రంగుల ప్రమాణం, ఎస్‌ఆర్‌జీబీ కంప్యూటర్లు, వెబ్ వాడే రంగుల ప్రమాణం. 45% ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా రావు. పండుమిర్చి ఎరుపు ఇటుక రంగులోకి దిగిపోతుంది. కాలిబ్రేషన్ (రంగుల సర్దుబాటు) చేసినా లాభం లేదు, ప్యానెల్‌లో (బొమ్మను చూపే తెర భాగంలో) లేని రంగును సాఫ్ట్‌వేర్ తేలేదు. ఫొటో, వీడియో పని ఉన్నవారు ‘100% ఎస్‌ఆర్‌జీబీ’ ఉన్నదే తీసుకోండి.

తర్వాత బిట్లు, అంటే ఒక్కో రంగును ఎన్ని మెట్లలో చూపగలదన్న లెక్క. 6 బిట్ల ప్యానెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 64 మెట్లు, మొత్తం 2,62,144 రంగులు. 8 బిట్లయితే 256 మెట్లు, దాదాపు 1.67 కోట్ల రంగులు. చాలా 6 బిట్ల ప్యానెళ్లు పిక్సెల్‌ను రెండు దగ్గరి షేడ్ల మధ్య వేగంగా మారుస్తూ మధ్య రంగు ఉన్నట్టు కంటికి అనిపింపజేస్తాయి. దాన్నే ఎఫ్‌ఆర్‌సీ అంటారు. విండోస్ 11లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే చూపే ‘8-బిట్’ తెరకు వెళ్లే సిగ్నల్‌ది, ప్యానెల్‌ది కాదు. దాన్ని చూసి తేల్చుకోకండి.

కంటితోనే చూడాలి. నలుపు నుంచి తెలుపుకు మారే గ్రేడియంట్‌ను 1920 పిక్సెళ్ల వెడల్పున పీఎన్‌జీగా సేవ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. జేపీజీ వద్దు, కంప్రెషన్ వల్ల ఫైల్‌లోనే పట్టీలు పడొచ్చు. నైట్ లైట్, హెచ్‌డీఆర్ ఆపి, జూమ్ 100 శాతంలో పెట్టి ముదురు భాగాన్ని చూడండి. 8 బిట్లలో ఒక్కో మెట్టు 7–8 పిక్సెళ్లే కాబట్టి నునుపుగా సాగుతుంది. ఎఫ్‌ఆర్‌సీ లేని 6 బిట్లలో మెట్టు 30 పిక్సెళ్లు, నిలువు పట్టీలు స్పష్టంగా తేలతాయి. ఎఫ్‌ఆర్‌సీ ఉంటే పట్టీలకు బదులు ముదురు బూడిద రంగులో సన్నని మినుకు కనిపించవచ్చు.

ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో వేర్వేరు కంపెనీల ప్యానెళ్లు రావచ్చు. అందుకని షోరూమ్ పీస్‌ను కాదు, ఇంటికి తెచ్చుకునేదాన్నే పరీక్షించండి. డివైస్ మేనేజర్‌లో మానిటర్స్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ వరుసగా తెరిస్తే బీఓఈ, ఏయూఓ, సీఎంఎన్ లాంటి తయారీదారు కోడ్ దొరుకుతుంది. పూర్తి మోడల్ నంబరు ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. తెర మార్పిస్తుంటే ఆ నంబరుతో పాటు కనెక్టర్ 30 పిన్నులదా, 40 పిన్నులదా అన్నదీ సరిపోల్చాలి. తేడా ఉంటే పాత కేబుల్ దానికి పట్టదు.