కిడ్నీ, లివర్ జబ్బుల్లో దురద: లోపల మొదలై చర్మం మీద ముదిరేది

ఒళ్లంతా దురద. డాక్టరుకు చూపిద్దామంటే గోళ్ల గీతలు తప్ప ఏమీ కనబడవు. కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్లలో చాలామందికి దురద ఇలాగే మొదలవుతుంది. నమ్మకం కుదరకపోతే ఎవరితోనైనా వీపు చూపించుకోండి. చేయి అందే భుజాల మీద, నడుము మీద గీతలు, నల్లమచ్చలు ఉండి, చేయి అందని నడివీపు మాత్రం నున్నగా ఉందంటే, చర్మం మీది మచ్చలన్నీ గోకడం వల్ల వచ్చినవే. దురదకు మూలం లోపల ఉండవచ్చు. (పొడుగు దువ్వెనతో వీపు గోక్కునే అలవాటుంటే ఈ గుర్తు పనిచేయదు.)

వీపు, కాళ్లు పొడిబారి, రాత్రిళ్లు దురద ఎక్కువైతే

డయాలసిస్ చేయించుకునేవాళ్లలో ఇది ఎక్కువ. కిడ్నీ జబ్బు ముదిరితే చెమట గ్రంథులు, నూనె గ్రంథులు కుంచించుకుపోతాయి, చర్మంలో తడి నిలవదు. దానికి తోడు రక్తంలో మిగిలిపోయిన వ్యర్థాలు, పెరిగిన ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ తేడాలు, నరాల్లో మార్పులు కలుస్తాయి. ఫలానా ఒక్కటే కారణమని వేలు పెట్టి చూపలేం.

మొదట చేయాల్సింది తేలికైన పనే, కానీ ఎక్కువమంది వదిలేసేదీ అదే. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయాలి. రోజుకు రెండుసార్లు, కనీసం రెండు వారాలు. నాలుగు రోజులు రాసి తగ్గలేదని మానేస్తే లాభం లేదు. డయాలసిస్ సరిపడా జరుగుతోందా, ఫాస్ఫరస్ ఎంత ఉంది అని అడగండి. ఫాస్ఫరస్‌ను తగ్గించే మాత్రలు తిండితో పాటే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే పెద్దగా పనిచేయవు.

అప్పటికీ తగ్గకపోతే డాక్టర్లు నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్‌ను చాలా తక్కువ డోసులో, డయాలసిస్ అయ్యాక ఇస్తారు. అది కిడ్నీల ద్వారానే బయటికి పోయే మందు. మామూలు డోసు వేసుకుంటే మత్తు, తూలు, అయోమయం వస్తాయి. ఇంకొకరి మాత్ర అడిగి వేసుకోకండి. డయాలసిస్ దురద కోసమే తయారైన డైఫెలికెఫాలిన్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది.

అరచేతులు, అరికాళ్లలో మొదలైతే

ఇక్కడ లివర్‌ను అనుమానించాలి, ముఖ్యంగా పైత్యరసం సరిగా పారని జబ్బుల్లో. కళ్లు పచ్చబడకముందే దురద రావచ్చు. బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) అంకెకూ దురద తీవ్రతకూ పొంతన ఉండదు కాబట్టి, రిపోర్టు బాగుందని ఎవరన్నా మీ దురద అబద్ధం కాదు. మూత్రం ముదురు రంగులోకి, మలం తెల్లమట్టి రంగులోకి మారితే పైత్యనాళంలో అడ్డు ఉందేమో స్కాన్ చేయించాలి. అడ్డు తీసేస్తేనే దురద పోతుంది.

అడ్డు లేనప్పుడు మామూలుగా మొదట ఇచ్చేది కొలెస్టైరమిన్ పొడి. పేగులో పైత్య ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. రాత్రంతా పిత్తాశయంలో చేరిన పైత్యరసం ఉదయం తిండితో ఒక్కసారిగా విడుదలవుతుంది కాబట్టి, ఉదయం తిండికి ముందూ తర్వాతా వేసుకోమంటారు. ఇది మిగతా మందులనూ పట్టేస్తుంది. వాటిని గంట ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. దీనికీ లొంగకపోతే టీబీకి వాడే రిఫాంపిసిన్ ఇస్తారు. అది లివర్‌నే దెబ్బతీయగలదు, అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి.

గోకిన చోట తడి, తేనె రంగు పొక్కు, చీము కనిపిస్తే

కథలోకి సూక్ష్మజీవులు వచ్చేది ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్న చర్మం కాస్త ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం) సుమారు 5. ఆ పులుపులో మంచి బ్యాక్టీరియా హాయిగా బతుకుతుంది, చెడ్డది అణిగి ఉంటుంది. కిడ్నీ జబ్బులో చర్మం పొడిబారి ఆ పులుపు తగ్గుతుంది. ముక్కులో తిష్ఠవేసిన స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే చెడ్డ బ్యాక్టీరియా వేలికి అంటుకుని, గోరు చేసిన సన్నటి చీలికలోకి చేరుతుంది. పొద్దున లేచి దుప్పటి మీద నెత్తురు చుక్కలు చూశారంటే రాత్రి దానికి దారి తెరిచినట్టే.

ఈ బ్యాక్టీరియా పుండు చేసి ఊరుకోదు. అది వదిలే ఒక ఎంజైమ్ నేరుగా నరాలను తట్టి దురద పుట్టిస్తుందని 2023లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో కిడ్నీ, లివర్ దురదకు దీని వాటా ఎంతో ఆ ప్రయోగం చెప్పదు. కానీ గోకిన కొద్దీ దురద ఎందుకు పెరుగుతుందో ఊహించడానికి పనికొస్తుంది.

అలాగని క్రిములను చంపుదామని యాంటీసెప్టిక్ సబ్బుతో రుద్దడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఉన్న కాస్త నూనె పోయి చర్మం ఇంకా పగులుతుంది, మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించండి, దురద పెట్టిన చోట తడిగుడ్డ వేసి అదమండి. చీము పట్టిన చోట మాత్రమే, డాక్టరు రాస్తే, మ్యుపిరోసిన్ లాంటి యాంటీబయాటిక్ క్రీమ్ వాడండి. యాంటీబయాటిక్ మాత్రల డోసు కిడ్నీని బట్టి మారుతుంది, సొంతంగా కొనకండి.

ఎలర్జీ మాత్ర వేసినా తగ్గకపోతే

ఆశ్చర్యం లేదు. ఎలర్జీ మాత్ర అడ్డుకునేది హిస్టమిన్ అనే రసాయనాన్ని; ఈ దురదకు ప్రధాన కారణం అది కాదు. మత్తు వల్ల నిద్ర పట్టవచ్చు, అంతే. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఆ మత్తే ప్రమాదం.

ఇంట్లో ఇంకొకరికీ దురద ఉంటే

వేళ్ల సందుల్లో చూడండి, గజ్జి కావచ్చు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయాలి.

చలితో జ్వరం వస్తే

డయాలసిస్ క్యాథెటర్ ఉన్నవాళ్లకు చర్మం మీది బ్యాక్టీరియా ఆ గొట్టం వెంబడి రక్తంలోకి చేరవచ్చు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు పచ్చకామెర్లతో పాటు చలిజ్వరం వస్తే పైత్యనాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. రెండిట్లో ఏదైనా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.