బెదురు గ్రేహౌండ్‌కి ధైర్యం నేర్పడం ఎలా: ఫోస్టర్ ఇంట్లో మొదటి రోజు నుంచి దత్తత దాకా

రేసుల నుంచి తప్పించిన గ్రేహౌండ్ (పరుగు పందేల జాతి కుక్క) ఫోస్టర్ ఇంటికి, అంటే దత్తత కుదిరేదాకా ఉంచుకునే ఇంటికి, వచ్చేసరికి దాని వయసు సాధారణంగా రెండేళ్లకీ ఐదేళ్లకీ మధ్య ఉంటుంది. వయసుకి పెద్దదే గానీ ఇల్లన్నది చూసి ఎరగదు. మెట్లు, అద్దం తలుపు, టీవీ, వాక్యూమ్ క్లీనర్, కాలు జారే టైల్స్, అన్నీ దానికి మొదటిసారే. పక్కన ఇంకో కుక్క లేకుండా పడుకోవడమూ మొదటిసారే. అలాగని బొత్తిగా ఏమీ రానిది కాదు. లీష్‌తో (మెడపట్టీకి తగిలించే తాడుతో) పక్కనే నడవడం, బండెక్కడం, ఒళ్లంతా తడుముతున్నా కదలకుండా నిలబడటం, వేళకి తినడం, మూతికి మజిల్ (కరవకుండా తొడిగే బుట్ట) పెట్టించుకోవడం, ఇవన్నీ కుక్కల్ని ఉంచే కెన్నెల్‌లోనే అలవాటై ఉంటాయి. పని మొదలుపెట్టాల్సింది ఈ వచ్చిన విద్యల దగ్గర్నుంచే.

ఒకటి ముందే తేల్చుకోండి. మీ వెనకే తిరుగుతూ, మీ చేతిలోది తింటూ, కొత్త మనిషి గుమ్మంలో కనపడగానే సోఫా వెనక నక్కే కుక్క దత్తతకి సిద్ధమైనట్టు కాదు. అది మీకు మచ్చికైంది, అంతే. రేపు దాన్ని తీసుకెళ్లేవాళ్లకి ఆ మచ్చిక పనికిరాదు. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి అభ్యాసాన్నీ ఇంట్లో కనీసం ఇద్దరు, ఒకే మాటతో, ఒకే సైగతో చేయించాలి.

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉంటూ ఫోస్టర్‌కి తీసుకునే తెలుగువాళ్లకి ఇందులో ఒక చిక్కుంది. ఇంట్లో పొద్దస్తమానం ‘రా రా’, ‘తిను’, ‘ఆగు’ అంటుంటాం. దత్తత తీసుకునేవాళ్లు తెలుగు రానివాళ్లయితే ఆ కుక్క అక్కడ మళ్లీ మొదటికొస్తుంది. ముద్దు మాటలు ఏ భాషలోనైనా ఆడుకోండి. ఆజ్ఞలు మాత్రం ‘టచ్’, ‘మ్యాట్’, ‘వెయిట్’, ‘లెట్స్ గో’, ఈ నాలుగే. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. పిల్లలూ అమ్మమ్మా కూడా అవే వాడాలి.

మొదటి మూడు రోజులు

శిక్షణ ఏమీ వద్దు. రెండు గోడలు కలిసే మూలలో, ఎవరూ నడవని చోట, మందపాటి పరుపు వేయండి. మోచేతుల దగ్గర వీటికి కండ ఉండదు కాబట్టి పలచటి దుప్పటి చాలదు. పరుపు నుంచి నీళ్ల గిన్నెకీ, అక్కణ్నుంచి పెరటి తలుపుకీ యోగా మ్యాట్లో, అడుగున రబ్బరున్న పట్టీలో పరవండి. టైల్స్ మీద ఒక్కసారి జారిందంటే ఆ గది దాటడానికే వారం మొరాయిస్తుంది. అద్దం తలుపుకి నేల నుంచి 60, 80 సెంటీమీటర్ల ఎత్తున రెండు వరసలు టేప్ అంటించండి, లేకపోతే పరుగున వచ్చి గుద్దుకుంటుంది. తిండి రోజుకి రెండుసార్లు, అదే వేళకి. పెరట్లోకి ఐదుసార్లు: లేవగానే, రెండు భోజనాల తర్వాత, మధ్యాహ్నం, పడుకునే ముందు. ‘కుక్కని చూసిపోతాం’ అనే చుట్టాలకి రెండు వారాల గడువు చెప్పండి.

గ్రేహౌండ్లు కళ్లు సగం తెరిచి నిద్రపోగలవు. మెలకువగా ఉందనుకుని తడిమితే ఉలిక్కిపడి కరవొచ్చు. రెండు మీటర్ల దూరం నుంచి పేరు పెట్టి పిలవండి, తల ఎత్తాకే దగ్గరికి వెళ్లండి.

వణుకుని చూసి వెంటనే భయమనుకోకండి. వీటి ఒంట్లో కొవ్వు తక్కువ, బొచ్చు పలచన. 10 డిగ్రీల లోపు చలికి గజగజలాడతాయి. కోటు తొడిగి పది నిమిషాలు చూడండి, వణుకు ఆగితే అది చలే. పళ్లు టకటకలాడించడం చాలాసార్లు సంతోషానికి గుర్తు. నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి వెల్లకిలా పడుకుంటే ఆ చోటు దానికి నచ్చినట్టే. తోక పొట్టకి అంటుకోవడం, కనుగుడ్ల తెలుపు కనపడటం, తిండి లేకుండానే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం మాత్రం భయం గుర్తులు.

తప్పించుకోకుండా కట్టడం

గ్రేహౌండ్ మెడకీ తలకీ లావులో పెద్ద తేడా ఉండదు. బెదిరి వెనక్కి లాగిందంటే మామూలు బెల్ట్ చెవుల మీదుగా ఊడొస్తుంది. 4 సెంటీమీటర్ల వెడల్పున్న మార్టింగేల్ కాలర్ కావాలి. లాగినప్పుడు బిగుస్తుంది, వదిలితే వదులవుతుంది. చెవులకి సరిగ్గా కింద, మెడ సన్నంగా ఉన్నచోట ఉండాలి. పూర్తిగా బిగిసినప్పుడు రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. బాగా బెదిరే కుక్కకి పక్కటెముకల వెనక మూడో పట్టీ ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీల అమరిక) కూడా వేసి, రెండు కొసలకీ కొక్కేలున్న లీష్‌తో ఒకటి కాలర్‌కి, ఒకటి హార్నెస్‌కి తగిలించండి.

సాగే లీష్ వద్దే వద్దు. కొద్ది అంగల్లోనే విపరీతమైన వేగం అందుకునే జంతువు ఎనిమిది మీటర్ల తాడు చివర ఒక్కసారిగా ఆగితే మెడ విరగొచ్చు. చెయ్యి జారిందా, ప్లాస్టిక్ పిడి చప్పుడు చేస్తూ దాని వెంటే వస్తుంది, ఆ చప్పుడుకి అది ఇంకా పారిపోతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2019 జనవరి 1 నుంచి పెంపుడు గ్రేహౌండ్లకి బయట మజిల్ తప్పనిసరి కాదు. లీష్ మాత్రం తప్పనిసరే, మిగతా కుక్కల్ని వదిలేసే పార్కుల్లో కూడా.

ముక్క విసరడం

ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన చికెన్‌ని బఠాణీ గింజంత ముక్కలుగా కోసుకోండి. కూరలోంచి తీసి కడిగిన ముక్క పనికిరాదు, ఉల్లిపాయ కుక్కలకి విషం. పూటకి ముప్పై ముక్కలు చాలు. రోజు తిండిలో ఇలాంటివి పదో వంతు మించకూడదు.

నేల మీద పక్కకి తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడకండి. ముక్కని కుక్క ముందు కాదు, దాని వెనక్కి ఒక మీటరు దూరం పడేట్టు విసరండి. అది వెనక్కి వెళ్లి తిని, తల తిప్పి, తనంతట తాను మీ వైపు ఒక అడుగు వేస్తుంది. మళ్లీ వెనక్కే విసరండి. ఇలా ఐదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. దూరం ఎంతుండాలో ప్రతిసారీ కుక్కే తేల్చుకుంటుంది, దాని బలమంతా అక్కడే.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముక్క చేతిలో పెట్టుకుని ‘రా రా’ అని ఊరిస్తారు. కుక్క వెనక కాళ్లు అక్కడే పాతేసి మెడ చాపి అందుకుంటుంది. ముక్క నోట్లో పడ్డాక గానీ ఎంత దగ్గరికొచ్చిందో దానికి తెలియదు. తెలియగానే అదిరిపడి వెనక్కి దూకుతుంది. నాలుగుసార్లు ఇలా జరిగితే మీ చెయ్యంటేనే అనుమానం పుడుతుంది. కొత్తవాళ్లతో ‘మీ చేత్తో పెట్టండి’ అని చేయించడం ఇంకా ఘోరం.

చికెన్ తినకపోవడాన్ని మొండితనంగా లెక్కేయకండి, అదొక కొలత. పొద్దున ఇంట్లో ఎగబడి తిన్న కుక్క రోడ్డు మీద అదే ముక్కని వాసన కూడా చూడకపోతే, భయపెట్టేది ఏదో మరీ దగ్గర్లో ఉన్నట్టు. తినేదాకా దూరం పెంచండి.

‘టచ్’

అరచెయ్యి తెరిచి, కుక్క ముక్కుకి పక్కగా, ఒక జానెడు దూరంలో, దాని గదవ ఎత్తున పెట్టండి. నోరు మెదపకండి. మొదట చేతిని చూస్తుంది. మెడ కొద్దిగా ముందుకొస్తుంది. ముక్కు రంధ్రాలు కదులుతాయి. చల్లటి తడి ముక్కు చర్మానికి తగిలీ తగలగానే ‘యెస్’ అని చెయ్యి వెనక్కి తీసేసి, రెండో చేత్తో ముక్కని నేల మీద వేయండి. తగిలిన చేత్తోనే పెడితే అది తాకడం మానేసి వెతకడం మొదలెడుతుంది. మీ చెయ్యి దాని వైపు పోకూడదు, ముక్కే చేతి దగ్గరికి రావాలి. పదిలో ఎనిమిదిసార్లు వెంటనే తాకుతోందంటే, చెయ్యి చూపించే ముందు ‘టచ్’ అనండి. తర్వాత అడుగు దూరం, రెండడుగులు, పక్క గది, పెరడు, వీధి. ఆపైన ఇంట్లో రెండో మనిషి చెయ్యి.

ఇంత చిన్న విద్యకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, కొత్త మనిషితో, గుమ్మం దగ్గర, వెట్ (పశువైద్యుడు) బరువు తూచే బల్ల మీద, అన్నిచోట్లా ఇదే పనికొస్తుంది. ‘సిట్’ మాత్రం నేర్పకండి. వెనక తొడల్లో అంత కండతో కూర్చోవడం చాలా గ్రేహౌండ్లకి ఇబ్బంది. బదులుగా మ్యాట్ నేర్పండి: చిన్న మ్యాట్ పరచి, కాలు పెడితే ఒక ముక్క, నాలుగు కాళ్లూ పెడితే రెండు, పడుకుంటే వరసగా ఐదు. రెండు వారాలకి ఆ మ్యాట్ ఎక్కడ పరిస్తే అక్కడ కుక్క స్థిమితపడుతుంది. కెఫే బయటైనా సరే, రేపటి కొత్త ఇల్లైనా సరే.

నడకలో కొయ్యబారితే

దీన్ని చూడకుండా గ్రేహౌండ్ ఫోస్టర్ పూర్తి కాదు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నాలుగు కాళ్లూ నేలకి దిగేసినట్టు నిలబడిపోతుంది. చెవులు నిక్కి, చూపు ఎక్కడో దూరంగా ఉంటుంది. లాగితే ముప్పై కిలోల కొయ్య. బిగిసిన లీష్ దానికి ఇంకో భయం. లీష్ వదులు చేయండి, దాని భుజం పక్కన అదే వైపు చూస్తూ నిలబడండి, మనసులో ముప్పై లెక్కపెట్టండి. చెవులు మెత్తబడి తల కొద్దిగా తిరిగినప్పుడు ‘లెట్స్ గో’ అని, ముందుకి కాకుండా పక్కకి వంపు తిరిగి రెండడుగులు వేయండి. కదిలితే ముక్క. కదలకపోతే టచ్. అదీ కుదరకపోతే వచ్చిన దారినే ఇంటికి. రోజూ ఒకే చోట ఆగుతుంటే, దానికి పది మీటర్ల ముందే వెనక్కి తిరిగే నడకలు వారం చేయండి. కొత్త దారుల మోజు తర్వాత.

కుక్కర్ విజిల్

మన ఇళ్లలో దీన్ని తప్పించలేం. విజిల్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, అతి తక్కువ శబ్దంతో ఒక్క సెకను వినిపించండి, ఆపగానే చికెన్. ఐదుసార్లు చేసి ఆపేయండి. శబ్దం వినగానే ‘ముక్కేది’ అన్నట్టు మీ వైపు చూస్తోందంటే ఒక మెట్టు పెంచండి. వరస ముఖ్యం: ముందు విజిల్, తర్వాత చికెన్. తిరగేస్తే చికెన్ కనపడగానే ‘ఏదో మోగబోతోంది’ అని వణికే కుక్క తయారవుతుంది. ఫోన్‌లో గట్టిగా మోగినా పట్టించుకోని రోజున అసలు కుక్కర్ పెట్టండి. కుక్క మరో గదిలో తలుపేసి ఉండాలి, పక్కన ముక్కలతో ఒకరుండాలి. దీపావళి చప్పుళ్లకీ ఇదే పద్ధతి. కాకపోతే పండక్కి రెండు నెలల ముందు మొదలెట్టాలి. వారం ముందు మొదలెడితే అది భయం పెంచడమే.

ఒంటరిగా వదలడం కూడా సెకన్లతో మొదలవుతుంది. ఫోన్ కెమెరా పెట్టి, తలుపు దాటి ఐదు సెకన్లు, తర్వాత పదిహేను, పది, ముప్పై, ఇరవై. ఎప్పుడూ పెంచుకుంటూ పోకండి, మధ్యలో తగ్గించండి. రొప్పుతూ తలుపునే చూస్తుంటే అంతకుముందు సెకన్లకి దిగండి. మెట్లు, దత్తత ఇంట్లో ఉంటేనే నేర్పండి.

ముందుకి కదలకపోతే

ఒకే రోజు వెట్, స్నానం, కొత్త అతిథి పెట్టుకుంటే మర్నాడు ఎవరో దగ్గినా పారిపోతుంది. భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అలాంటి రోజు తర్వాత రెండు రోజులు నడకలూ అభ్యాసాలూ ఆపి పడుకోనివ్వండి. గుర్రుమంటే తిట్టకండి. గుర్రుని మాన్పిస్తే మిగిలేది హెచ్చరిక లేని కాటు.

మూడు నాలుగు వారాలైనా మార్పు లేకపోతే ఒళ్లు చూపించండి. వీటి పళ్లు తరచూ పాడై ఉంటాయి. అరికాళ్ల మెత్తల్లో ఆనెలు ఈ జాతిలో మామూలు. గడ్డి మీద బాగా నడిచి రోడ్డు మీద కుంటితే అదే అనుమానించాలి. థైరాయిడ్ పరీక్షలో గ్రేహౌండ్ల టీ4 (థైరాయిడ్ హార్మోన్) సహజంగానే తక్కువొస్తుంది, భయానికి కారణం అదేనని మందులు మొదలుపెట్టేముందు ఈ జాతి తెలిసిన వెట్‌ని అడగండి. భయానికి మందులున్నాయి, వాడటం తప్పు కాదు. వెట్ రాయాలి, అంతే.

అప్పగింత

దత్తత తీసుకునేవాళ్లని మూడుసార్లు కలవనివ్వండి. మొదటిసారి వాళ్లు నేల మీద పక్కకి తిరిగి కూర్చుని ముక్కలు విసరాలి, అరగంటలో వెళ్లిపోవాలి, తాకకూడదు. రెండోసారి మీ తర్వాత వాళ్ల చేతికి ‘టచ్’, ఆపైన ఇద్దరి చేతుల్లో చెరో లీష్‌తో కాసేపు నడక. మూడోసారి వాళ్లింట్లో, మీ మ్యాట్ పరచి, గంట సేపు. ఏ దశలోనైనా చికెన్ తినడం మానితే అదే దశ మళ్లీ.

వెంట పంపాల్సినవి: మ్యాట్, ఉతకని దుప్పటి, వారం తిండి, ఒక కాగితం. కాగితంలో ‘కొంచెం పిరికిది, ప్రేమగా చూసుకోండి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయండి: ‘టోపీ పెట్టుకున్న మగవాళ్లు 4 మీటర్ల దూరంలో ఉంటే తింటుంది, 2 మీటర్లకి వస్తే తినదు. చెత్త బండి: రోడ్డు అవతల ఉంటే పర్వాలేదు. ఒంటరిగా 40 నిమిషాలు. గుమ్మం తెరిచేముందు మ్యాట్ మీదికి పంపాలి.’ కొత్త ఇంట్లో మొదటి రెండు వారాలు రెండు కొక్కేల లీష్ లేకుండా వీధి తలుపు తీయొద్దని కూడా అందులోనే రాయండి. కుక్క బండెక్కే రోజునే మైక్రోచిప్ రికార్డులో వాళ్ల ఫోన్ నంబరు మార్పించడానికి దరఖాస్తు పెట్టించండి.